వస్తాదు – ఉస్తాదు

ఉర్దూలో ‘ఉస్తాద్’ అంటే గురువు. చదువు చెప్పేవాడు ఉస్తాదే, సంగీతం నేర్పేవాడు ఉస్తాదే, కుస్తీ పట్లు నేర్పేవాడూ ఉస్తాదే. ఈ మాట తెలుగులోకి వచ్చి ‘వస్తాదు’ అయినది. నేడు వస్తాదు అనగానే తెలుగువానికి కండలు తిరిగిన మల్లయోధుడు స్ఫురిస్తాడే గాని, గోదాకు ఒక పక్కన నిలబడి పట్టు తప్పినప్పుడు సరిదిద్దే గురువు స్ఫురించడు. ఒక భాషనుండి మరొక భాషకు ప్రయాణం చేస్తూ ఆ మాట దారిలో గురువును వదిలిపెట్టి, బలవంతుణ్ణి మాత్రమే వెంట తెచ్చుకున్నది. ఇది కేవలం భాషా చమత్కారమే అయితే ఈ వ్యాసం వ్రాయవలసిన అగత్యం లేదు. మన ఆటల విషయంలోను, ముఖ్యంగా తెలుగువారి నేలపై ఒకనాడు దేదీప్యమానంగా వెలిగిన ఫుట్‌బాల్ విషయంలోను సరిగ్గా ఇదే జరిగినదని మా అభిప్రాయం. అందుకు నిదర్శనంగా ఒక ఆటగాని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

షబ్బీర్ అలీ అనే పేరు వింటే మన విద్యార్థులలో కొందరికి ఆ పేరును పోలిన రాజకీయ నాయకులు గుర్తుకు రావచ్చును. మేము చెప్పబోయేది 1956లో హైదరాబాదులో జన్మించిన ఫుట్‌బాల్ క్రీడాకారుని గురించి. ముందు వరుసలో ఆడి గోల్ కొట్టడమే ఆయన పని. 1974లో బ్యాంకాక్ నగరంలో ఆసియా యువజన ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు భారత జట్టుకు నాయకుడాయనే. అంతిమ పోటీలో బలమైన ఇరాన్ జట్టుతో మనవారు 2–2తో సమంగా నిలిచి, ఆ దేశంతో కలిసి సంయుక్త విజేతలైనారు. ఆ యువజన కిరీటం భారతదేశానికి దక్కినది ఆ ఒక్కసారే. అప్పటికి షబ్బీర్ అలీ గారికి నిండా పందొమ్మిదేళ్ళు లేవు.

ఆ తరువాత ఆయన జీవితం రైలు పెట్టెలతోను, అద్దె గదులతోను ముడిపడిన జీవితం. హైదరాబాదు విడిచి నాటి బొంబాయిలో టాటా స్పోర్ట్స్ క్లబ్బుకు ఆడినారు. అక్కడినుండి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కు ఆడినారు. 1970లలోను, 1980ల ఆరంభంలోను భారత జట్టు తరఫున విదేశాలు తిరిగినారు. కలకత్తాలో ఆ క్లబ్బుల ఆట అంటే ఏమిటో మన ప్రాంతంవారికి చెప్పడం కష్టం. మన పల్లెల్లో కోడిపందేలకు, పెద్ద సినిమా మొదటి ఆటకు కూడే జనాన్ని పదింతలు చేసి ఊహించుకొనవలెను. అంతమంది కళ్ళముందు గోల్ కొడితే ఆకాశానికి ఎత్తుతారు, తప్పితే ఇంటికి వెళ్ళే దారి కూడా కష్టమే. అట్టి చోట ఏళ్ళ తరబడి నిలబడిన తెలుగునేల బిడ్డ ఆయన.

ఆట వయస్సు చెల్లిన తరువాత ఆయన శిక్షకులైనారు. గోల్ కొట్టడం, గోల్ కొట్టించడం ఒకే విద్య అని కొందరు అనుకుంటారు. మేము అట్లు అనుకొనము. గోల్ కొట్టేవాని కన్ను గోల్ స్తంభాల మీదనే ఉండాలి. తన వెనుక పదిమంది పడిన శ్రమ అతని కాలి కొనకు వచ్చి ఫలిస్తుంది. జనం కేకలు వేసేది అతని పేరునే. కొంత స్వార్థం లేనివాడు మంచి స్ట్రైకర్ కాలేడని ఆ ఆట తెలిసినవారు అంటారు. శిక్షకుడైననాడు ఆ స్వార్థమంతా వదులుకొనవలెను. గీతకు బయట నిలబడి, తాను తేలికగా కొట్టగల గోల్‌ను ఇరవైయేళ్ళ కుర్రవాడు తప్పగొడుతుంటే చూస్తూ ఊరుకొనవలెను. మరునాడు ఉదయం అదే కుర్రవానితో అదే దెబ్బను వందసార్లు కొట్టించవలెను. మంచి ఆటగాళ్ళందరూ మంచి శిక్షకులు కాలేకపోవడానికి ఇదే కారణం.

షబ్బీర్ అలీ గారు ఆ గీత దాటగలిగినారు. మన దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996–97లో ఆరంభమైనది. మొదటి ఏడాది పంజాబుకు చెందిన జె.సి.టి. జట్టు, రెండవ ఏడాది కలకత్తా మోహన్ బగాన్ జట్టు గెలిచినవి. మూడవది, 1998–99 లీగును గోవాలోని వాస్కో పట్టణపు సాల్గావ్‌కర్ జట్టు గెలిచినది. గోవా రాష్ట్రానికి అదే మొదటి జాతీయ లీగ్ కిరీటం. ఆ జట్టు శిక్షకులు మన షబ్బీర్ అలీ గారే. తరువాత మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టుకు కూడా ఆయన శిక్షణ ఇచ్చినారు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చి గౌరవించినది. ఆ పురస్కారం అందుకొన్న తొలి ఫుట్‌బాల్ క్రీడాకారులు వారే.

ఇంతవరకు చెప్పినది ఒక వ్యక్తి విజయగాథ. మేము అడగదలచిన ప్రశ్న వేరు. హైదరాబాదు వీధుల్లో ఆట నేర్చుకొని, బొంబాయిలోను కలకత్తాలోను పదును పెట్టుకొని, నలభై ఏళ్ళు దాటిన వయస్సులో ఒక జట్టును దేశానికి విజేతగా నిలిపిన మనిషి ఆ పని వాస్కోలో ఎందుకు చేయవలసి వచ్చినది? ఆ కిరీటం హైదరాబాదుకు ఎందుకు రాలేదు?

ఇందుకు జవాబు కావాలంటే ముందు తరానికి వెళ్ళాలి. హైదరాబాదులో ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. బడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ ఫుట్‌బాల్ నేర్పినారు. 1943నుండి మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదు సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోను, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోను స్వర్ణ పతకం సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచినది. జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూసినారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం మూలంగా ఆయన పేరు ఈ తరానికి కొంత తెలిసినది. సినిమా వచ్చేవరకు తెలియకపోవడమే విచారకరం.

రహీం సాబ్ పద్ధతి ఎంత నిరాడంబరమో విద్యార్థులు గమనించవలెను. కుర్రవాళ్ళకు బంతిని కాలి దగ్గరే పెట్టుకొని ఒక్కరే పరుగెత్తే అలవాటు ఉంటుంది. దానిని మాన్పించడానికి ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. బంతిని డ్రిబుల్ చేయరాదనే నియమంతోనే పోటీలు పెట్టించినారు. నియమం అట్లున్నప్పుడు బంతిని తోటివానికి అందించక తప్పదు. అట్లే ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టించినారు. ఖరీదైన పరికరాలు లేవు, విదేశీ నిపుణులు లేరు. ఒక బంతి, ఒక మైదానం, నేర్పాలనే పట్టుదల గల ఒక పంతులు. హైదరాబాదు జట్టు 1956–57లోను, 1957–58లోను సంతోష్ ట్రోఫీ గెలిచినదంటే వెనుక ఉన్నది ఇదే. ఆయన పోయిన రెండు మూడేళ్ళకు, 1965–66లో ఆంధ్రప్రదేశ్ మరొకసారి ఆ ట్రోఫీ గెలిచినది. అవి ఆయన వేసిన చెట్టు చివరి కాయలు. ఆ తరువాత ఉమ్మడి రాష్ట్రం ఉన్నంతకాలం ఆ ట్రోఫీ మనకు తిరిగి రాలేదు.

చెట్టు ఎండిపోయినదా అంటే ఎండిపోలేదు. కాయలు ఇతరుల బుట్టల్లో పడినవి. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన మహా క్రీడాకారుడు. ఆయన 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినారు. బెంగాలులోనే స్థిరపడినారు. 2023లో అక్కడే మరణించినారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ గారు హైదరాబాదీయులు. ఆయన రక్షణ పంక్తి ఆటగాడు. 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందిన శిక్షకులు. ఆయన నేర్పిన విద్యలో పెద్ద భాగం కలకత్తా, ఢాకా నగరాలకు దక్కినది. మహమ్మద్ హబీబ్ గారు కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, తరువాత జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పినారు. ఆయన కూడా 2023లోనే స్వాతంత్ర్య దినోత్సవంనాడు కన్నుమూసినారు.

వీరు వెళ్ళిపోవడం తప్పని మేము ఒక్కనాటికీ అనము. ఆటగాని కాలు పదేళ్ళు మాత్రమే పంట పండే పొలం. ఆ పదేళ్ళలో నలుగురు తోబుట్టువుల పెళ్ళిళ్ళు, తల్లిదండ్రుల వైద్యం, తన వృద్ధాప్యం అన్నీ గడవవలెను. కలకత్తా ఆ రోజుల్లో జీవనం చూపింది, పేరు ఇచ్చింది. మన గోదావరి సీమనుండి పిల్లలు కువైట్‌కు, దుబాయికి వెళ్ళినప్పుడు మనం తప్పు పట్టుచున్నామా? వెళ్ళినవానికి తిరిగి వచ్చే దారి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఆటగాడుగా వెళ్ళినవాడు శిక్షకుడుగా తిరిగి వచ్చేటందుకు హైదరాబాదులో ఒక జట్టు, ఒక జీతం, ఒక అకాడమీ ఉండి ఉంటే వారు వచ్చి ఉండేవారని మా నమ్మకం. ఆటగాడు పోతే పదేళ్ళ ఆట పోతుంది. శిక్షకుడు పోతే, ఆయన చేతిమీదుగా రాదగిన తరాలన్నీ ఆయనతో పోతాయి.

గోవాలో సాల్గావ్‌కర్ వంటి జట్లను పోషించినవి గనుల వ్యాపారం చేసే కుటుంబాలు. మన వైపు పోలీసు శాఖ తప్ప ఆ స్థాయిలో చేయి అందించినవారు అరుదు. ఆ చేయి బలహీనపడినప్పుడు మరొక చేయి రాలేదు. రైసు మిల్లులు, చక్కెర మిల్లులు, సినిమా హాళ్ళు, మందుల కర్మాగారాలు తెలుగునాట తక్కువేమీ లేవు గదా!

ఇది మా ఊహ మాత్రమేనని ఎవరైనా అనవచ్చును. అందుకే బాడ్మింటన్ వైపు ఒకసారి చూడవలసినదిగా కోరుతున్నాము. పుల్లెల గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచినారు. ఆట విరమించిన తరువాత హైదరాబాదు విడిచి పోలేదు. ప్రభుత్వం భూమి ఇచ్చినది, దాతలు ధనం ఇచ్చినారు, గచ్చిబౌలిలో 2008లో అకాడమీ వెలిసినది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం అక్కడి శిక్షణ ఫలితాలే. ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే మన ఇరుగుపొరుగైన అమలాపురం ఉన్నది. వ్యాయామోపాధ్యాయులైన తండ్రి దగ్గర రాకెట్ పట్టిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి ఆ అకాడమీకి చేరి, 2022లో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో ఆడినాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచినాడు. ఇంట్లో ఒక ఉస్తాదు, నగరంలో ఒక ఉస్తాదు. ఆ రెండు మెట్లూ ఉన్నందువల్లనే కోనసీమ కుర్రవాడు అంత ఎత్తు ఎక్కగలిగినాడు.

బాడ్మింటన్‌కు ఇద్దరు చాలు, ఫుట్‌బాల్‌కు పదకొండుమంది కావాలి, ఒక లీగ్ కావాలి, పోలిక సరికాదని ఆక్షేపణ చేయవచ్చును. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే జట్టు, ధనం, లీగ్ అన్నీ సమకూరినప్పుడు ఏమి జరిగినదో కూడా చూడాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడినది. దాని సొంత మైదానం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన మన కోనసీమ ముద్దుబిడ్డ పేరే దానికి పెట్టినారు. 2022 మార్చిలో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినది. శిక్షకులు స్పెయిన్ దేశస్థులైన మనోలో మార్కెజ్ గారు. ఆయన సమర్థులు, అందులో సందేహం లేదు. 2025లో ఆ జట్టు యాజమాన్యం హైదరాబాదును వదిలి ఢిల్లీకి తరలిపోయినది. జట్టును కొనవచ్చును, అమ్మవచ్చును, రైలెక్కించి మరొక ఊరికి తీసుకుపోవచ్చును. వీధి వీధిలో పిల్లలకు నేర్పే గురువుల వరుసను అట్లు తరలించలేరు. ఆ వరుస మనకు మిగిలి ఉంటే జట్టు పోయినా ఆట పోయేది కాదు.

మరొక సంగతి చెప్పి మా మనవికి వస్తాము. 1977 సెప్టెంబరులో ప్రపంచ ప్రఖ్యాతుడైన పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినాడు. మోహన్ బగాన్ ఆ జట్టును 2–2తో నిలువరించినది. ఆ రెండు గోళ్ళలో ఒకటి మన హైదరాబాదు హబీబ్ గారిది. 2025 డిసెంబరులో లియోనెల్ మెస్సీ స్వయంగా హైదరాబాదుకే వచ్చినాడు. ఉప్పల్ స్టేడియంలో వేలమంది చూసి ఆనందించినారు. మెస్సీని చూడాలనుకోవడం తప్పు కాదు. కాని నాడు పెలేకు ఎదురుగా నిలిచి ఆడినవారం నేడు టిక్కెట్టు కొనుక్కొని చూసేవారమైనాము. ఆ రెండు సంవత్సరాల మధ్య మనం పోగొట్టుకొన్నది ఏమిటో ఈ ఒక్క పోలికతో తెలుస్తుంది.

రాయవరంలో కూర్చుండి హైదరాబాదు గురించి ఈ గోడు ఎందుకని అడిగేవారుంటారు. రాష్ట్రాలు 2014లో రెండైనవి గనుక అది మన ఊరు కాదనేవారూ ఉంటారు. రహీం సాబ్ పని మొదలైనది స్టేడియంలో కాదు, బడిలో. బడులు, కళాశాలలు రాయవరంలోను ఉన్నవి. వరి చేలు, కొబ్బరి తోటలు అడుగడుగునా ఉన్న ఈ సీమలో జానెడు ఖాళీ నేల దొరకడం కష్టం. అందువల్ల విద్యాసంస్థల మైదానాలే మన పిల్లలకు మిగిలిన ఆటస్థలాలు. ఆ స్థలంలో కొత్త గది కట్టవలసి వచ్చినప్పుడు, మైదానం కూడా ఒక తరగతి గదేనని పెద్దలు గుర్తించవలెనని మా మొదటి మనవి.

రెండవది, రహీం సాబ్ పోటీలు మన వద్ద పెట్టవచ్చును. డ్రిబుల్ చేయరాని పోటీ ఒకటి, ఎడమ కాలి పోటీ ఒకటి. దీనికి ఒక బంతి ఖర్చు. విద్యార్థినులకు కూడా వేరుగా పోటీలు జరపాలి. ఆడపిల్ల పరుగెత్తితే పరువు పోతుందని సంకోచించే ఇళ్ళు అన్ని మతాలలోను ఉన్నవి. సైనా, సింధు ఇళ్ళు ఆ సంకోచం పెట్టుకొని ఉంటే ఆ పతకాలు వచ్చేవా?

మూడవది, ఆట వయస్సు దాటిన యువకులు మన చుట్టుపక్కల గ్రామాల్లో ఉన్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్సు అనే ప్రాథమిక శిక్షక పరీక్షను నిర్వహిస్తున్నది. వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్. పట్టా ఉన్నది. ఆటలో పెద్ద పేరు రాలేదని దిగులుపడే విద్యార్థి ఈ దారిని తక్కువగా చూడరాదు. మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయినవాడు, జిల్లా జట్టు ఎంపికలో చివరి క్షణంలో తప్పిపోయినవాడు తనకు ఇక ఆటతో పనిలేదని బూట్లు అటకమీద పెట్టేస్తాడు. అతనికి తెలిసినదానిలో సగం తెలిసినవాడు కూడా లేక పక్క ఊరి పిల్లలు గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉంటారు. ఆ ఇద్దరినీ కలిపే పని కళాశాల చేయవచ్చును.

చివరిది, చిన్న మనవి. వార్షికోత్సవంలో కప్పు గెలిచిన జట్టును పిలిచి చప్పట్లు కొడతాము. ఆ జట్టుకు నేర్పినవారిని కూడా వేదికమీదికి పిలుద్దాము. కప్పుమీద నాయకుని పేరు పక్కన శిక్షకుని పేరు కూడా చెక్కిద్దాము. ఇరవై ఏళ్ళ తరువాత అల్మారాలో ఆ కప్పును చూసే విద్యార్థికి ఎవరు గెలిచినారో తెలియడంతోపాటు ఎవరు గెలిపించినారో కూడా తెలుస్తుంది.

షబ్బీర్ అలీ గారి కిరీటం వాస్కోకు చెందినది. అది న్యాయంగా వారిదే. వారు పిలిచినారు, పని ఇచ్చినారు, ఫలం పొందినారు. మనకు వారి మీద అసూయ తగదు, షబ్బీర్ అలీ గారి మీద నిష్ఠూరమూ తగదు. పిలవడం మనమూ నేర్చుకోవలెను. వస్తాదులు పుట్టే ఊళ్ళకు తెలుగునాట ఏనాడూ కొదవ లేదు. ఉస్తాదు నిలిచే ఊళ్ళు కావాలి. వాటిలో రాయవరం ఒకటి కావాలని మా ఆకాంక్ష.